64తో భాగిస్తే ఓడ రాదు

పాత తెరచాపల యుద్ధనౌకకి చెక్కతో మోడల్ కడుతున్నానంటే ఎవరైనా మొదట అనే మాట, "అబ్బో, ఎంత ఓపికండీ మీకు!" ఓపిక కావాలి, కాదనను. కానీ నెలల తరబడి కుర్చీలోంచి లేవకుండా పని చేయగలిగిన వాళ్లు కూడా సగం కట్టిన ఓడని పెట్టెలో పెట్టి అటకెక్కించేస్తుంటారు, ఎందుకంటే చిక్కు వచ్చేది ఓపిక దగ్గర కాదు. ఓడని చిన్నది చేయడమంటే ప్రతి కొలతనీ 64తోనో 48తోనో భాగించుకుంటూ పోవడమే అనుకుని మొదలుపెడతాం. పొడవులూ వెడల్పులూ చెప్పినట్టే వింటాయి. చెక్క వినదు. దారం వినదు, గుడ్డ వినదు, ఆఖరికి రంగు కూడా వినదు. భాగిస్తే తగ్గేది ఏది, తగ్గనిది ఏది, తగ్గని దాన్ని కంటికి తగ్గినట్టు ఎలా చూపించాలి, ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

గాల్లో మాట్లాడుకోవడం ఎందుకు, ఒక ఓడని ముందు పెట్టుకుందాం. మోడల్ కట్టే సరదా పట్టిన వాళ్లలో చాలామంది నేరుగా బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ మీద పడతారు. నూటికి పైగా ఫిరంగులున్న ఆ మూడంతస్తుల ఓడ మొదటి మోడల్‌గా పెట్టుకోవడం కొండకి తల కొట్టుకోవడమేనని నా అభిప్రాయం. ఇక్కడ నేను పట్టుకునేది ట్రింకోమలీ అనే ఫ్రిగేట్‌ని, అంటే ప్రధాన ఫిరంగులన్నీ ఒకే అంతస్తులో ఉండే చిన్న యుద్ధనౌకని. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్ అనే రేవులో ఇప్పటికీ నీళ్ల మీదే ఉంది, బ్రిటన్‌లో ఇంకా తేలుతూ ఉన్న యుద్ధనౌకల్లో ఇంతకంటే పాతది లేదు. కట్టింది మాత్రం బొంబాయిలో, మలబారు టేకుతో, జంషెట్జీ బొమన్జీ వాడియా ఆధ్వర్యంలో. 1816లో అడుగు దూలంలో పార్సీ ఆచారం ప్రకారం వెండి మేకు కొట్టి పని మొదలుపెట్టారు, 1817 అక్టోబరు 12న ఓడ నీళ్లలోకి దిగింది.

దీని గీతలు పుట్టింది ఇంగ్లండ్‌లో కూడా కాదు, ఫ్రాన్సులో. 1782లో ఇంగ్లీషువాళ్లు ఎబే అనే ఫ్రెంచి ఫ్రిగేట్‌ని పట్టుకున్నారు, దాని ఆకారం నచ్చి కొలతలు తీసుకుని అదే పద్ధతిలో లీడా తరగతి అని ఒక వరసే కట్టుకున్నారు. ఆ ప్లాన్లని బొంబాయికి పంపితే అవి ఎక్కిన జావా అనే ఓడని 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ల కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక ఓడించింది, జావా కాలిపోయింది, దాంతోపాటు ప్లాన్లూ పోయాయి. మళ్లీ పంపాల్సి వచ్చింది. ఓక్ చెక్కకి కరువొచ్చిన ఇంగ్లండ్ నౌకాదళానికి మన టేకు పెద్ద వరం. టేకు త్వరగా పుచ్చదు, పైగా ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనప మేకుల్ని తినేస్తుంది గానీ టేకులో ఉన్న నూనె ఆ పని చేయదు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఓడ తేలుతూ ఉండటానికి సగం కారణం ఆ కర్రే.

ఈ చరిత్ర మోడల్ కట్టేవాడికి ఎందుకంటారా? ట్రింకోమలీ కడతాను అనుకుంటే సరిపోదు, ఏ సంవత్సరపు ట్రింకోమలీ అన్నది ముందు తేల్చుకోవాలి. కట్టినప్పుడు దీనికి 46 ఫిరంగులు: ప్రధాన ఫిరంగుల అంతస్తులో 28, మిగిలినవి పై భాగాల్లో, వాటిలో ఎక్కువ కరోనేడ్లు అనే పొట్టి లావుపాటి రకం. 1819లో పోర్ట్స్‌మత్ చేరేసరికి నెపోలియన్ యుద్ధాలు ముగిసి నాలుగేళ్లయింది, చేయడానికి పనిలేక పాతికేళ్ల పాటు దాన్ని పక్కన కట్టి ఉంచారు. 1845లో మళ్లీ బయటికి తీసినప్పుడు వెనక భాగం పడగొట్టి కోడిగుడ్డు వంపుతో కొత్తగా కట్టారు, ఫిరంగుల్ని 26కి తగ్గించారు. తర్వాత అది ఫుద్రయాన్ అనే పేరుతో శిక్షణ నౌకగా ఎన్నో దశాబ్దాలు బతికింది, 1990లో మొదలైన పునరుద్ధరణ 2001 దాకా సాగింది. ఇప్పుడు ఎవరైనా మ్యూజియం ఫొటోలు చూసి వెనక భాగం చెక్కి, 1817 లెక్క చూసి ఫిరంగులు పెట్టారనుకోండి, సముద్రం మీద ఏ రోజూ లేని ఓడ తయారవుతుంది. ఎంత నైపుణ్యంగా కట్టినా సరే. కిట్లు, అంటే ముక్కలన్నీ పెట్టెలో పెట్టి ఇచ్చేవి, అమ్మే కంపెనీలు కూడా ఈ కలగాపులగం చేస్తూనే ఉంటాయి, పెట్టె మీద బొమ్మ బాగుంటే ఎవరూ అడగరు కదా.

సంవత్సరం తేలాక ప్లాన్లు. బ్రిటిష్ నౌకాదళం గీయించిన అసలు డ్రాయింగులు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి, నకళ్లు డబ్బిస్తే దొరుకుతాయి. అవి చూడగానే కొత్తవాళ్లకి తల తిరుగుతుంది, ఎందుకంటే ఓడ పొట్టలో ఒక్క చోట కూడా సరళరేఖ ఉండదు, అలాంటి వంపుని చదునైన కాగితం మీద చూపించాలంటే మూడు బొమ్మలు కావాలి. ఒక దోసకాయని మూడు రకాలుగా కోశామనుకోండి: అడ్డంగా చక్రాల్లా కోస్తే వచ్చే అంచులు ఒక బొమ్మ, పొడవునా నిలువుగా కోస్తే వచ్చేవి ఇంకో బొమ్మ, నీటిమట్టంలా పడుకోబెట్టి పొరలుగా కోస్తే వచ్చేవి మూడోది. ఒకే బిందువు మూడు బొమ్మల్లోనూ ఒకే చోటికి రావాలి. రాకపోతే ఎక్కడో గీత తప్పు, లేదా ఆ కాగితం రెండు వందల ఏళ్లలో సాగింది లేదా ముడుచుకుంది. పాత కాగితాలు పొడవునా ఒకలా, అడ్డంగా ఒకలా ముడుచుకుంటాయి కాబట్టి ప్లాన్ మీద స్కేలు పెట్టి కొలిచేసి అదే నిజమనుకోవడం కుదరదు, రాతపూర్వకంగా ఉన్న పొడవు వెడల్పులతో సరిచూసుకోవాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది: ఆ గీతలు పలకలు కొట్టాక కనిపించే బయటి చర్మానివి కావు, పలకల కింద ఉండే పక్కటెముకల బయటి అంచువి. పలక మందం నాలుగు అంగుళాలనుకుంటే 1:64లో, అంటే అసలులో 64వ వంతుకి కట్టే మోడల్లో, 1.6 మి.మీ. అంటే రెండు పక్కలా కలిపి మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తేడా. డ్రాయింగునే బయటి ఆకారం అనుకున్నా, కిట్ వాళ్లు తమ మందాన్ని ముందే తీసేశారో లేదో చూసుకోకపోయినా, ఓడ బక్కచిక్కడమో బలిసిపోవడమో ఖాయం.

స్కేలు విషయం త్వరగా చెప్పేస్తాను. ట్రింకోమలీ ఫిరంగుల అంతస్తు పొడవు సుమారు 150 అడుగులు, వెడల్పు 40 అడుగులకి కొంచెం తక్కువ. 1:48 అంటే అడుగుకి పావు అంగుళం, పొట్ట ఒక్కటే 95 సెంటీమీటర్లు. 1:64 అంటే అడుగుకి అంగుళంలో పదహారో వంతులు మూడు, పొట్ట 71 సెంటీమీటర్లు, ముందుకి పొడుచుకొచ్చే బౌస్ప్రిట్ కొయ్య, వెనక సాగే కొయ్య కలుపుకుంటే మీటరు దగ్గరికి వెళ్తుంది. 1:96లో చిన్నదవుతుంది గానీ తాళ్ల పని కంటికి శిక్ష. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి 1:64 కంటే పెద్ద ఓడ జోలికి వెళ్లొద్దని చెబుతాను, ఇంట్లోవాళ్లతో గొడవ అనవసరం. ఏ స్కేలు ఎంచుకున్నా ఒక పని మాత్రం మొదటి రోజే చేసుకోవాలి: అయిదున్నర అడుగుల మనిషిని అట్టతో కత్తిరించి దగ్గర పెట్టుకోవడం. 1:64లో వాడి ఎత్తు 26 మి.మీ. మెట్లు అమర్చినా, తలుపు పెట్టినా, చుక్కాని చక్రం బిగించినా ఆ అట్ట మనిషిని పక్కన నిలబెట్టి చూస్తే చాలు. వాడి నడుం దాకా రావాల్సిన కంచె గడ్డం దాకా వచ్చిందంటే కొలత ఎక్కడో చెడిందని ఏ పుస్తకం తిరగేయకుండానే తెలిసిపోతుంది.

పొట్ట కట్టడానికి మూడు దారులున్నాయి. చెక్క పొరల్ని ఒకదాని మీద ఒకటి అంటించి చెక్కేయడం ఒకటి. అడుగు దూలానికి అడ్డంగా ప్లైవుడ్ అడ్డగోడలు నిలబెట్టి వాటి మీద పట్టీలు అంటించడం రెండోది, కిట్లన్నీ ఇదే. అసలు ఓడలాగే పక్కటెముకల్ని ఒక్కొక్కటిగా అతికి నిలబెట్టడం మూడోది, ఇదే అన్నిటికంటే గౌరవమైనది, పిచ్చిది కూడా. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో నౌకాదళ బోర్డు కోసం చేసిన మోడళ్లలో కింది భాగానికి పలకలు కొట్టకుండా ఎముకలు కనిపించేలా వదిలేసేవారు, ఆ మోడళ్లని ఇప్పుడు చూసినా నోటమాట రాదు. ఇంకో పక్క, నెపోలియన్ యుద్ధాల్లో ఇంగ్లండ్‌లో ఖైదీలుగా ఉన్న ఫ్రెంచివాళ్లు భోజనంలో మిగిలిన ఎముకలతో ఓడలు చేసి సంతలో అమ్ముకునేవాళ్లు. వాళ్ల దగ్గర ప్లాన్లు లేవు, కొలతలు లేవు, తెరచాపల కొయ్యలు మరీ ఎత్తు, ఫిరంగులు మరీ పెద్దవి. అయినా ఇవాళ వేలంపాటల్లో వాటికి మంచి గిరాకీ. కొలత ఒక్కటే అందం కాదని ఒప్పుకోవాలి, నా మటుకు నాకు కొలత లేని ఓడ మీద చూపు నిలవదు, అది వేరే సంగతి.

ఇప్పుడు పలకలు. నూటికి తొంభై మంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఓడ నడుం దగ్గర అడుగు దూలం నుంచి పైకి దారం పెట్టి కొలిస్తే 100 మి.మీ. వచ్చిందనుకుందాం. అదే దారాన్ని ముక్కు దగ్గర పెడితే 60 వస్తుంది, ఎందుకంటే అక్కడ ఓడ సన్నబడిపోయింది. వెనక్కి వెళ్లి చుక్కాని దగ్గర పెడితే 110 రావచ్చు, అక్కడ అడుగు భాగం లోపలికి నొక్కుకుని మళ్లీ పైకి విచ్చుకుంటుంది. ఇప్పుడు నడుం దగ్గర 5 మి.మీ. వెడల్పున్న పట్టీలు ఇరవై పడతాయి. ఆ ఇరవయ్యే ముక్కు దగ్గర 60లో ఇమడాలి, అంటే ఒక్కోటి 3 మి.మీ.కి తగ్గాలి. వెనక మాత్రం 5.5కి పెరగాలి. కిట్ పెట్టెలో వచ్చేవేమో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పు పట్టీలు. వాటిని అలాగే అంటించుకుంటూ పోతే ముక్కు దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, వెనక ఖాళీలు పడతాయి, ఆ ఖాళీల్లో మేకుల్లాంటి మూడు మూలల ముక్కలు కుక్కి పుట్టీ పెట్టి రంగేసే పద్ధతే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది.

వెడల్పు తగ్గించుకోవడం సగం పనే. చెక్క పట్టీ చదునుగా వంగుతుంది, మెలి కూడా తిరుగుతుంది, కానీ తన అంచు మీదికి, అంటే పక్కకి వంగదు. బలవంతంగా వంచితే ఒక అంచు పైకి లేస్తుంది. ఓడ ముక్కు దగ్గర ప్రతి పలకా కాస్తో కూస్తో పక్కకే వంగాలి. అందుకే అసలు ఓడ కట్టేవాళ్లు పలకని వంచరు, వంపుతోనే కోస్తారు. వెడల్పైన చెక్క తీసుకుని, ముందు కొట్టిన పలక అంచు ఎలా వెళ్తోందో టేపు మీదకో కాగితం మీదకో ఎత్తుకుని, దాన్ని చెక్క మీద గీసి, అరటిపండు వంపులో ఉండే ముక్కని కోసి తీస్తారు. చదునుగా చూస్తే వంకరగా ఉండే ఆ ముక్క ఓడ మీద పెట్టగానే నేరుగా కనిపిస్తుంది. చెక్క చాలా వృథా అవుతుంది, అందుకే కిట్ కంపెనీలు ఈ జోలికి రావు. కాకినాడ దగ్గర తాళ్లరేవు ప్రాంతంలో చెక్క పడవలు కట్టే వడ్రంగులకి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. ఆ పక్కనే ఉన్న కోరంగి 1839 తుఫాను ముంచెత్తక ముందు ఓడలు కట్టే, మరమ్మతు చేసే పెద్ద రేవు, ఆ ప్రాంతపు చేతుల్లో ఈ విద్య అప్పటినుంచీ ఉంది.

దీనికో అడ్డదారి ఉంది, అందులో తప్పేం లేదు. చెక్కని బాగా వేడి చేస్తే దానిలోని జిగురు పదార్థం మెత్తబడుతుంది, అప్పుడు సన్నని పట్టీని బల్లకి బిగించి, పక్కకి కొంచెం లాగి పట్టుకుని, హెయిర్ డ్రయ్యర్‌తోనో ఇస్త్రీ పెట్టెతోనో వేడి తగిలించి చల్లారనిస్తే ఆ వంపులో నిలబడిపోతుంది. నీళ్లలో రాత్రంతా నానబెట్టమని చెప్పేవాళ్ల మాట నేను వినను. వంగేది వేడికే గానీ నీటికి కాదు, నీళ్లకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఉబ్బినదాన్ని అంటిస్తే ఆరాక ముడుచుకుని పలకకీ పలకకీ మధ్య సందులు పడతాయి.

సన్నబరచడానికి కూడా హద్దుంది. పలక చివర అసలు వెడల్పులో సగం కంటే తగ్గకూడదు, ఎందుకంటే నిజం ఓడలో ఆ సన్నని కొసలో మేకు కొడితే చీలిపోతుంది. సగం కంటే తగ్గాల్సి వస్తే రెండు పలకల్ని అక్కడికి ఆపేసి వాటి స్థానంలో ఒక్కటే ముందుకి సాగుతుంది. వెనక దీనికి తిరగేసిన పని, ఒక పలక కొస దగ్గర రెండుగా విడిపోతుంది. పొడవుకీ అంతే. అసలు పలకలు ఇరవై, పాతిక అడుగులకి మించి రావు, 1:64లో పది పన్నెండు సెంటీమీటర్లు. వాటి అతుకులు పక్కటెముక మీదే రావాలి, పక్కపక్క వరసల్లో ఒకే చోట రాకూడదు, ఒకే ఎముక మీద మళ్లీ అతుకు రావాలంటే మధ్యలో కనీసం మూడు వరసలు గడవాలి. ఇదంతా అలంకారం కాదు, ఓడ విరగకుండా ఉండటానికి పెట్టుకున్న నియమం. మోడల్‌కి ఆ బలం అక్కర్లేదు గానీ, నియమం తెలిసినవాడి కన్ను ముందు అక్కడికే పోతుంది.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని అందరూ దాటేస్తారు: అడ్డగోడల అంచుల్ని అరగదీయడం. ముక్కు దగ్గర పలక ఏటవాలుగా వస్తుంది కాబట్టి అడ్డగోడ అంచు కూడా అదే వాలుకి రావాలి, లేకపోతే పలక ఒక్క గీత మీద మాత్రమే ఆనుతుంది. పొడవాటి సన్న కర్రకి ఎమరీ పేపరు అంటించి మూడు నాలుగు అడ్డగోడల మీదుగా ఒకేసారి రుద్దుతూ, మధ్యమధ్య ఒక పట్టీ ఆనించి ఎక్కడైనా గాలి కనిపిస్తోందా అని చూసుకోవాలి. విసుగు పుట్టించే పని, వారాలు పడుతుంది, దీని తర్వాత పలకలు సగం సులువు.

చెక్క ఎంపిక దగ్గరికి వస్తే అసలు తమాషా మొదలవుతుంది. ట్రింకోమలీ టేకు ఓడ కాబట్టి మోడల్ కూడా టేకుతోనే కట్టాలని అనిపించడం సహజం, మన దగ్గర టేకుకి కొదవా! కానీ టేకు చెక్క మీద కంటికి కనిపించే సన్న రంధ్రాలుంటాయి, సుమారు పావు మిల్లీమీటరువి. 1:64లో అవి నిజం ఓడ మీద 16 మి.మీ. రంధ్రాలు, అంటే వేలు దూరేంత. పలక నిండా బెజ్జాలున్న ఓడని ఏ కెప్టెన్ ఎక్కుతాడు? భాగిస్తే తగ్గని వాటిలో మొదటిది ఇదే. టేకు ఓడని టేకులా చూపించాలంటే టేకు వాడకూడదు. యూరప్, అమెరికాల్లో పియర్, బాక్స్‌వుడ్ లాంటి నున్నటి చెక్కలు వాడతారు, మనకి అవి దొరకవు, దొరికినా ధర చూస్తే గుండె ఆగుతుంది. మన దగ్గర ఏటికొప్పాకలో లక్క బొమ్మలు తిప్పే అంకుడు కర్ర ఉంది, తెల్లగా, సన్నని పోగుతో, ఉలికి లొంగేలా. డెక్ పలకలకీ చిన్న చెక్కడాలకీ ఇంతకంటే మంచిది ఇక్కడ వెతకనక్కర్లేదని నా ఉద్దేశం. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి మాత్రం మరీ మెత్తన, గోరు తగిలినా గుంట పడుతుంది, ముక్కు వెనకల్లో నింపుడు ముక్కలకి పనికొస్తుంది అంతే. ఏ కర్రయినా కోసిన వెంటనే వాడకుండా ఓడ ఉండబోయే ఊళ్లోనే కొన్నాళ్లు ఆరనివ్వాలి. చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమని బట్టి ఉబ్బి ముడుచుకుంటుంది. విశాఖలో ఆగస్టులో బిగించిన పలకలు హైదరాబాదు ఏప్రిల్‌లో విడిపోతే తప్పు ఫెవికాల్‌ది కాదు.

పలకల్ని పట్టి ఉంచే చెక్క మేకులు నిజంలో అంగుళంపావు మందం, మోడల్లో అరమిల్లీమీటరు. వెదురు చీల్చి, ఉక్కు రేకులో వేసిన బెజ్జాల్లోంచి పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి లాగుతూ పోతే అంత సన్నవి వస్తాయి, వెదురు పోగు నేరుగా ఉంటుంది కాబట్టి తెగదు. వేలల్లో కావాలి. ముదురు రంగు వేస్తే ఓడకి మశూచి వచ్చినట్టుంటుంది, కనపడీ కనపడనట్టు వదిలేయడమే మర్యాద. అడుగుకి కొట్టే రాగి రేకులదీ ఇదే కథ. అసలు రేకు నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు, 1:64లో 19 మి.మీ. బై 5.6. రేకు కొలత తగ్గుతుంది గానీ దాని మీది మేకు తలలు తగ్గవు, నిజంగా తగ్గిస్తే వాటిని చూడటానికి భూతద్దం కావాలి. కిట్లలో ఇచ్చే రేకుల మీద బుడిపెలు చూస్తే ఓడ అడుగున రూపాయి బిళ్లలు అంటించినట్టే. నేనైతే బుడిపెలు లేని రాగి టేపు కోసి అంటిస్తాను, నాలుగేళ్లకి అదే మట్టి రంగుకి తిరుగుతుంది.

ఫిరంగుల గురించి ఒక్క మాటే. పద్దెనిమిది పౌండ్ల ఫిరంగి అంటే ఫిరంగి బరువు కాదు, అది విసిరే గుండు బరువు. గొట్టం ఎనిమిది, తొమ్మిది అడుగులు, మోడల్లో 38 నుంచి 43 మి.మీ. లేతు మీద ఒకటి సరిగ్గా తిప్పించి, అచ్చు తీసి, మిగతావి పోత పోసుకోవడం తెలివి.

తాళ్లలో దాగున్న ఉచ్చు ఇంకా పెద్దది. 1794లో డేవిడ్ స్టీల్ అచ్చు వేసిన తాళ్ల, కొయ్యల గ్రంథం లాంటి పాత పుస్తకాల్లో ప్రతి తాడుకీ అంగుళాల్లో కొలత ఉంటుంది. ఆ కొలత తాడు మందానిది కాదు, చుట్టుకొలతది. పది అంగుళాల తాడు అంటే చుట్టుకొలత 254 మి.మీ., దాన్ని 3.14తో భాగిస్తే మందం 81 మి.మీ., దాన్ని 64తో భాగిస్తే 1.26. చుట్టుకొలతనే మందం అనుకున్నవాళ్ల ఓడ మీద అదే తాడు 4 మి.మీ. లావున పాములా వేలాడుతుంది. కొయ్యల్ని నిలబెట్టే తాళ్లకి తారు పూస్తారు కాబట్టి అవి నల్లటి గోధుమ రంగు, తెరచాపల్ని కదిపే తాళ్లు లేత గోధుమ రంగు. మామూలు తాడు కుడి మెలిక, లంగరుకి కట్టే మోకు లాంటివి మూడు తాళ్లని మళ్లీ పేనినవి కాబట్టి ఎడమ మెలిక. బజారు నూలు దారానికి నూగు ఉంటుంది, ఆ నూగు స్కేలుకి లెక్కేస్తే తాడు మీద జానెడు వెంట్రుకలు మొలిచినట్టు. మైనం రాసి, మంట పైన ఒక్కసారి చటుక్కున తిప్పితే చాలావరకు పోతుంది, అంతకంటే సొంతంగా దారం పేనుకునే చిన్న యంత్రం చేసుకోవడం మేలు.

ఇక బరువు. కొలతని 64తో భాగిస్తే బరువుని 64తో మూడుసార్లు వరసగా భాగించినట్టు, అంటే సుమారు రెండు లక్షల అరవై రెండు వేలలో ఒక వంతుకి తగ్గిపోతుంది. ఫలితం ఏమిటంటే నిజం ఓడలో తన బరువుకి అందంగా జారి వంపు తిరిగే తాడు మోడల్లో తీగలా బిర్రుగా, ఎటు వంచితే అటు నిలబడుతుంది. నీళ్లు కలిపిన జిగురు పూసి, ఆరేదాకా చిన్న బరువులు వేలాడదీసి ఆ వంపుని మనమే నటింపజేయాలి. చుట్టచుట్టి డెక్ మీద పెట్టిన తాళ్లు కూడా అంతే, నొక్కి అంటించకపోతే స్ప్రింగులా లేస్తాయి. నావికులు ఎక్కే తాళ్ల నిచ్చెనల మెట్ల మధ్య 13 నుంచి 15 అంగుళాలు, మోడల్లో ఐదారు మిల్లీమీటర్లు. చాలామంది పది పెడతారు, అట్ట మనిషిని నిలబెట్టి చూడండి, పాపం వాడు ఎక్కలేడు.

తెరచాపల దగ్గర నాది మొండి పట్టు: పెట్టొద్దు. ఎంత సన్నటి గుడ్డ తెచ్చినా దాని నేత 1:64లో గోనెసంచి కంటే ముతక. తెరచాపలు తీసేసిన కొయ్యలతో రేవులో ఉన్న ఓడ కూడా నిజమైన ఓడే. పెట్టాల్సిందేనంటే సన్న కాగితంతో చుట్టి కట్టిన చాపలు చేయండి, అది కాస్త నమ్మేలా ఉంటుంది.

రంగు విషయంలో ఎవరైనా ఖచ్చితంగా ఇదే అంటే నమ్మకండి. 1628లో స్టాక్‌హోమ్ రేవులో మొదటి ప్రయాణంలోనే మునిగి 1961లో పైకి తీసిన స్వీడన్ ఓడ వాసా వెనక భాగం నీలం మీద బంగారు రంగు అని చాలాకాలం అనుకున్నారు, తర్వాత చెక్కడాల మీద మిగిలిన రంగు రేణువుల్ని పరీక్షిస్తే అది ఎరుపు అని తేలింది. అప్పటిదాకా ప్రపంచమంతా కట్టిన నీలం వాసాలు ఏమైనట్టు? విక్టరీకీ పాత పొరల్ని పరీక్షించి 2015లో ముదురు పసుపు తీసేసి లేత రంగు వేశారు. ట్రింకోమలీ ఇప్పుడు నలుపు తెలుపు చారలతో ఉంది, నెల్సన్ కాలపు పసుపు చారల నుంచి తెలుపుకి మారింది ఆయన పోయాక కొన్నేళ్లకి. పైగా గదిలో బల్బు కింద చిన్న వస్తువు మీద వేసిన రంగు, ఎండలో దూరంగా కనిపించే పెద్ద ఓడ రంగు కంటే చిక్కగా కనిపిస్తుంది. కాబట్టి నలుపులో కాస్త బూడిద రంగు కలిపి, మెరుపు లేకుండా వేయాలి.

చివరిది అద్దాల పెట్టె. దుమ్ము పడితే తాళ్ల మధ్యనుంచి తీయడం ఎవరివల్లా కాదు, కాబట్టి పెట్టె తప్పదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ లాంటి వాటినుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, మూసిన పెట్టెలో అది సీసపు ఫిరంగుల్నీ బొమ్మల్నీ తెల్లటి పొడిగా మార్చేస్తుంది, పాత మ్యూజియం మోడళ్లలో ఎన్నిటికో ఈ జబ్బు పట్టింది. సీసం బదులు ఇత్తడి వాడండి, పెట్టె అడుగున గాలి ఆడటానికి నాలుగు బెజ్జాలు వేసి పురుగు రాకుండా సన్న జాలీ అంటించండి, కిటికీ ఎండ పడని గోడ వైపు పెట్టండి.